రాత్రిపూట పాపకి వెనకాల దురద, తెల్లటి దారంలా కదిలింది. ఏ పురుగు ఇది? ఏ పురుగుకి ఏ లక్షణం?

పాపాయి అమ్మ | మంగళవారం, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. మా పాపకి ఆరేళ్ళు. పది రోజులుగా పడుకున్న గంటా రెండు గంటలకి లేచి కూర్చుని, వెనకాల దురదగా ఉందని ఏడుస్తోంది. పగలు ఏమీ ఉండదు, బాగానే ఆడుకుంటుంది. చెమటకి ఒరుసుకుందేమో అనుకుని క్రీమ్ రాశాను, తగ్గలేదు. ఈ రాత్రి టార్చ్ వేసి చూస్తే మలద్వారం అంచున సన్నటి తెల్ల దారప్పోగులాంటిది కదులుతూ కనిపించింది. నిలువునా నీరైపోయాను. పాప మళ్ళీ పడుకుంది కానీ నాకు నిద్ర పట్టడం లేదు.

ఇది ఏ పురుగు? ఒక్క మాత్ర వేస్తే పోతుందా? ఇంట్లో 14 నెలల బాబు కూడా ఉన్నాడు, వాడికీ వస్తుందా? ఇంకో మాట కూడా అడగాలి. నేను ఇల్లు శుభ్రంగానే ఉంచుతాను, పాపకి రోజూ స్నానం చేయిస్తాను. మరి నా వల్ల ఎక్కడ తప్పు జరిగింది?

---

మైక్రోస్కోప్ మనిషి | బుధవారం, ఉదయం 5:55

అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకి జవాబు. మీ తప్పేమీ లేదు. 19 ఏళ్ళుగా ల్యాబ్‌లో మలపరీక్షలు చేస్తున్నాను. ఈ పురుగుకి పెద్దిల్లు, చిన్నిల్లు అని తేడా లేదు. పిల్లలు కలిసి ఆడుకునే ప్రతిచోటా ఉంటుంది.

మీరు చెప్పిన దాన్నిబట్టి ఇది పిన్‌వార్మ్. మన వాడుకలో అన్ని పురుగుల్నీ కలిపి నులిపురుగులనే అంటాం కానీ, అసలు ఆ పేరు సరిగ్గా నప్పేది దీనికే. ఆడపురుగు 8 నుంచి 13 మిల్లీమీటర్లు ఉంటుంది, తోక సూదిమొనలా ఉంటుంది. మగది అందులో సగం కూడా ఉండదు, కంటికి దాదాపు చిక్కదు.

రాత్రే ఎందుకంటే, పగలంతా పెద్దపేగులో ఉండే ఆడపురుగు పిల్లలు నిద్రపోయాక గుడ్లు పెట్టడానికి బయటికి వస్తుంది. మలద్వారం చుట్టూ చర్మం మీద వేలకొద్దీ గుడ్లు అంటించి చచ్చిపోతుంది. ఆ కదలికకి, గుడ్ల చుట్టూ ఉండే జిగురుకి దురద పుడుతుంది. పాప నిద్రలో గోకుతుంది, గుడ్లు గోళ్ళ కిందకి చేరతాయి, వేలు నోట్లోకి వెళ్తుంది. నాలుగు నుంచి ఆరు గంటల్లోనే ఆ గుడ్లు మళ్ళీ అంటుకునే స్థితికి వచ్చేస్తాయి. రాత్రి పెట్టిన గుడ్డు తెల్లారేసరికి తయారన్నమాట. అందుకే ఇది ఒక పిల్ల నుంచి ఇంటిల్లిపాదికీ పాకుతుంది.

పరీక్ష చేయించాలనుకుంటే మలం తీసుకెళ్ళకండి, ఇది చాలామంది చేసే పొరపాటు. గుడ్లు చర్మం మీద ఉంటాయి తప్ప మలంలో అరుదుగా దొరుకుతాయి. పాప లేవగానే, కడగకముందే, పారదర్శకంగా ఉండే టేపు ముక్కని జిగురువైపు మలద్వారం చుట్టూ అద్ది, గాజు పలక మీద అంటించి ల్యాబ్‌లో ఇవ్వండి. ఒక్క రోజు చేస్తే సగం కేసులు దొరుకుతాయి, వరసగా మూడు ఉదయాలు చేస్తే దాదాపు 90 శాతం. మీరు కళ్ళారా చూశారు కాబట్టి మీకు ఇది కూడా అవసరం లేకపోవచ్చు.

---

పిల్లల డాక్టర్ | బుధవారం, ఉదయం 8:20

పైన చెప్పినదంతా నిజం. మందు గురించి నేను చెప్తాను. అయితే డోసు మీ డాక్టరు పాపని చూసి రాయాలి, ఈ పోస్ట్ చూసి కొనకండి.

సాధారణంగా ఆల్బెండజోల్ గానీ మెబెండజోల్ గానీ పైరాంటెల్ గానీ ఇస్తాం. మూడూ పురుగుని చంపుతాయి, గుడ్డుని నమ్మకంగా చంపవు. మొదటి మాత్రతో లోపలున్న పురుగులు పోతాయి. అప్పటికే మింగిన గుడ్లు పొదిగి కొత్త పురుగులు తయారవుతాయి. అవి మళ్ళీ గుడ్లు పెట్టేలోగా చంపడానికే రెండు వారాలకి రెండో డోసు. "మాత్ర వేశాం, నెలకే మళ్ళీ వచ్చింది" అని నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఈ రెండో డోసు మరిచిపోయినవాళ్ళే.

మందు ఇంట్లో అందరూ ఒకే రోజు వేసుకోవాలి. దురద లేనివాళ్ళు కూడా. పెద్దవాళ్ళలో చాలామందికి పురుగులున్నా ఏమీ తెలియదు. బాబుకి ఏడాది దాటింది కాబట్టి ఇవ్వొచ్చు కానీ డోసు వేరు, తప్పకుండా డాక్టరుకి చూపించి ఇప్పించండి. ఇంట్లో ఎవరైనా గర్భవతి ఉంటే, ముఖ్యంగా మొదటి మూడు నెలలైతే, తమంతట తాము వేసుకోకూడదు.

రెండు వారాలపాటు కొన్ని పనులు చేయండి. పొద్దున లేవగానే స్నానం చేయించండి, సాయంత్రానికి వాయిదా వేయకండి. రాత్రి పెట్టిన గుడ్లు ఉదయం స్నానంతో పోతాయి. లోదుస్తులు రోజూ మార్చండి. గోళ్ళు పొట్టిగా కత్తిరించండి. దుప్పట్లు దులపకండి. దులిపితే గుడ్లు గాలిలోకి లేచి అంతటా పడతాయి, మెల్లగా చుట్టి తీసుకెళ్ళి వేడినీళ్ళలో ఉతకండి. గుడ్లు గదిలో రెండు మూడు వారాలు బతికి ఉంటాయి.

ఆడపిల్ల కాబట్టి ఇంకో సంగతి. ఈ పురుగులు ఒక్కోసారి ముందువైపుకి పాకి అక్కడ దురద, మంట, తెల్లబట్టలాంటి స్రావం కలిగిస్తాయి. ఒకటికి పోతే మంట అంటుందేమో, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైందేమో గమనించండి.

---

పెద్దమనిషి 61 | బుధవారం, ఉదయం 10:05

డాక్టరమ్మకి నమస్కారం. మా అమ్మ ఒక లెక్క చెప్పేది. పిల్లలు నిద్రలో పళ్ళు కొరికితే, నోటినుంచి చొంగ కారితే, బుగ్గల మీద తెల్లమచ్చలు వస్తే కడుపులో పురుగులున్నట్టేనని. తీపి ఎక్కువ తింటే పురుగులు పుడతాయని కూడా అనేది. నేను కూడా నా మనవలకి అదే లెక్కన మందు వేయిస్తున్నాను. ఇందులో ఎంత నిజముందో చెప్పండి.

---

పిల్లల డాక్టర్ | బుధవారం, మధ్యాహ్నం 1:40

నమస్కారం బాబాయ్ గారూ. మంచి ప్రశ్న, రోజుకి కనీసం ఒక్కరైనా అడుగుతారు.

పళ్ళు కొరకడం చాలామంది పిల్లల్లో నిద్రలో మామూలుగా జరిగేదే, దానికీ పురుగులకీ సంబంధం ఉందని రుజువు కాలేదు. చొంగ కూడా అంతే. బుగ్గల మీద పాలిపోయిన మచ్చలు ఎక్కువగా పొడిచర్మం వల్ల వస్తాయి, నూనె గానీ క్రీమ్ గానీ రాస్తే మెల్లగా సర్దుకుంటాయి. తీపి తింటే పురుగులు పుట్టవు. పురుగు గుడ్డు నుంచో లార్వా (పిల్ల పురుగు) నుంచో రావాలి తప్ప తిండి నుంచి దానంతట అది పుట్టదు.

అమ్మగారి మాటల్లో ఒకటి మాత్రం గట్టిగా పట్టించుకోవాలి. మీరు రాయలేదు కానీ ఆ తరం వాళ్ళు తప్పకుండా అనేవారు: మట్టి తినే పిల్లకి పురుగులుంటాయి అని. మట్టి, సుద్ద, గోడ పెచ్చులు తినాలనిపించడం ఇనుము లోపానికి గుర్తు. ఆ ఇనుము లోపం పేగులో రక్తం పీల్చే కొంకిపురుగుల (హుక్‌వార్మ్) వల్ల వచ్చి ఉండొచ్చు. పైగా ఆ మట్టితోపాటు ఏలికపాముల గుడ్లు కూడా లోపలికి పోవచ్చు. అక్కడ కారణం, ఫలితం ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి.

---

నడక ప్రియుడు | బుధవారం, రాత్రి 9:15

కొంకిపురుగుల మాట వచ్చింది కాబట్టి నా కథ చెప్పాలి.

నాకు 38. రెండేళ్ళ కిందట మెట్లెక్కితే ఆయాసం, కూర్చుని లేస్తే కళ్ళు తిరగడం మొదలైంది. హిమోగ్లోబిన్ 6.8 వచ్చింది. ఒక క్లినిక్‌లో ఐరన్ మాత్రలు ఇచ్చారు. వేసుకుంటే 9 దాకా పెరిగేది, ఆపితే మళ్ళీ పడిపోయేది. ఇలా ఏడాదిన్నర గడిచింది. సరిగ్గా తినడం లేదన్నారు, పని ఒత్తిడి అన్నారు. రక్తం ఎక్కడికి పోతోందని ఒక్కరూ అడగలేదు, నేనూ అడగలేదు.

చివరికి ఇంకో డాక్టరు రెండు ప్రశ్నలు వేశారు. "చెప్పుల్లేకుండా మట్టిలో పనిచేస్తారా?" "ఎప్పుడైనా కాలివేళ్ళ మధ్య బాగా దురదపెట్టి చిన్న పొక్కులు వచ్చాయా?" రెండిటికీ అవునన్నాను. తోటపని నాకు ప్రాణం, అదీ ఉత్త కాళ్ళతోనే. ఆ దురద తడికి పాచిందనుకుని వదిలేశాను. మలపరీక్షలో కొంకిపురుగు గుడ్లు దొరికాయి. మందు వేసి, ఐరన్ కొనసాగించాక నాలుగు నెలల్లో 13.5కి వచ్చింది.

నాకు కడుపునొప్పి లేదు. విరేచనాలు లేవు. పురుగు ఎప్పుడూ కంటికి కనిపించలేదు. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి.

---

మైక్రోస్కోప్ మనిషి | బుధవారం, రాత్రి 10:30

మీ కాలివేళ్ళ దురదే దాని తలుపు. కొంకిపురుగు లార్వా తడిమట్టిలో ఉండి చర్మాన్ని తొలుచుకుని లోపలికి వస్తుంది. రక్తంలో ఊపిరితిత్తులకి, అక్కడినుంచి గొంతులోకి పాకి, మింగినప్పుడు కడుపులోకి, చివరికి చిన్నపేగుకి చేరుతుంది. మొదట్లో దీన్నెవరూ నమ్మలేదు. కైరోలో పనిచేసిన జర్మన్ శాస్త్రవేత్త ఆర్థర్ లూస్, లార్వాలున్న నీళ్ళు చేతి మీద పొరపాటున ఒలికితే చర్మం మండి ఎర్రబడటం గమనించారు. కొన్ని వారాలకి తన మలంలోనే ఆ పురుగు గుడ్లు చూసుకున్నారు. 1898లో ఆ సంగతి ప్రకటించారు. మనకి ఇవాళ తెలిసిన "చెప్పులు వేసుకోండి" అన్న మాట ఆ చేతి మంట నుంచి వచ్చిందే.

రక్తం సంగతికొస్తే, పురుగు సెంటీమీటరు పొడవే ఉంటుంది. పేగు గోడని కరిచి పట్టుకుంటుంది. కొంకిపురుగుల్లో రెండు రకాలు ముఖ్యం. పెద్దదైతే ఒక్కోటి రోజుకి 0.15 నుంచి 0.2 మిల్లీలీటర్ల రక్తం పోయేలా చేస్తుంది. అలాంటివి వందుంటే రోజుకి మూడు నాలుగు టీస్పూన్లు. అది నెలల తరబడి సాగితే ఎంత తిన్నా ఇనుము చాలదు. రక్తం కొంచెం కొంచెంగా పోతుంది కాబట్టి మలం రంగు చాలాసార్లు మామూలుగానే ఉంటుంది.

---

నిద్రలేని నేను | గురువారం, రాత్రి 2:10

ఈ చర్చ చదివాక ఇంకా టెన్షన్ పెరిగింది. నాకు మూడు నెలలుగా మలంలో పురుగులు కనిపిస్తున్నాయి. ఒకసారి నల్లటి సన్న దారాలు, ఒకసారి తెల్లటి జిగురు పోగులు. కదలవు. రెండుసార్లు పరీక్ష చేయిస్తే ఏమీ లేదన్నారు, నమ్మకం కలగలేదు. ఈ నెలలో ఐదుసార్లు ఆల్బెండజోల్ వేసుకున్నాను. ఇంటి వైద్యం కూడా చేశాను. అయినా రోజూ కనిపిస్తూనే ఉన్నాయి. ఒంట్లో ఏదో పాకుతున్నట్టే ఉంటోంది.

---

మైక్రోస్కోప్ మనిషి | గురువారం, ఉదయం 6:10

మీ బాధ నాకు అర్థమవుతోంది. ఇలాంటి సీసాలు పట్టుకుని ల్యాబ్‌కి వచ్చేవాళ్ళని ఎప్పుడూ తేలిగ్గా చూడను, ప్రతిదీ తెరిచి లెన్సు కింద పెడతాను. నల్లటి సన్న దారాలు దాదాపు ప్రతిసారీ అరటిపండు పీచే. తెల్లటి జిగురు పోగులు పేగులో సహజంగా ఉండే శ్లేష్మం. టమాటా తొక్క చుట్టుకుపోయి అచ్చం పురుగులా వస్తుంది.

నిజమైనవి ఎలా ఉంటాయో చెప్తాను, పోల్చుకోండి. ఏలికపాము 15 నుంచి 35 సెంటీమీటర్లు, పెన్సిలంత లావు, లేత గులాబీ రంగు. దాన్ని చూసి ఎవరూ సందేహపడరు. బద్దెపురుగు (టేప్‌వార్మ్) ముక్కలు తెల్లగా, చదునుగా, దోసగింజల్లా ఉండి, అప్పుడే పడినవైతే కదులుతాయి. పిన్‌వార్మ్ గురించి పైన చెప్పాను. కొంకిపురుగు, కొరడా పురుగు మలంలో కంటికి కనిపించడం చాలా అరుదు. వాటిని గుడ్ల ద్వారానే పట్టుకుంటాం.

మీకు నమ్మకం కుదరాలంటే ఇలా చేయండి. వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు ఇవ్వండి. మూత్రం, నీళ్ళు కలవకూడదు. తాజాగా తీసుకెళ్ళండి. ఒక్క నమూనాలో గుడ్లు తప్పిపోవచ్చు, మూడింటిలోనూ తప్పిపోవడం చాలా తక్కువ.

---

పిల్లల డాక్టర్ | గురువారం, ఉదయం 8:45

దయచేసి ఆ మాత్రలు ఇవాళే ఆపండి. ఆల్బెండజోల్ ఒకటి రెండు డోసులకి చాలా సురక్షితమైన మందు. పదేపదే వేసుకుంటే కాలేయం మీద, రక్తకణాల మీద దెబ్బ పడొచ్చు. ఐదుసార్లు వేసుకున్నారు కాబట్టి ఒకసారి కాలేయ పరీక్ష, రక్తకణాల లెక్క చేయించండి. ఒంట్లో పాకుతున్నట్టు ఉండటం, రాత్రి రెండింటికి కూడా నిద్ర లేకపోవడం, ఈ రెండూ డాక్టరుకి తప్పకుండా చెప్పండి. అది మీ ఊహ అని నేననను. మూడు నెలలుగా నిద్ర లేని మనిషికి ఆ బాధ నిజమైనదే, దానికీ చికిత్స ఉంది.

---

శాకాహారి 27 | గురువారం, సాయంత్రం 6:30

బద్దెపురుగు మాంసం తినేవాళ్ళకే వస్తుంది కదా? మెదడులోకి కూడా వెళ్తుందని చదివాను. నేను పుట్టినప్పటినుంచి మాంసం ముట్టలేదు కాబట్టి నాకు భయం లేనట్టేనా?

---

పిల్లల డాక్టర్ | గురువారం, రాత్రి 9:50

ఇది కొంచెం ఓపిగ్గా చదవండి. చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడే పొరబడతారు.

పంది బద్దెపురుగు మనిషికి రెండు దారుల్లో హాని చేస్తుంది. సరిగ్గా ఉడకని పందిమాంసంలో లార్వా సంచులుంటే, అవి తిన్న మనిషి పేగులో పెరిగి పొడవాటి పురుగవుతుంది. ఆ మనిషికి పెద్దగా బాధ ఉండదు, మలంలో ముక్కలు పడటం ఒక్కటే గుర్తు కావచ్చు. ఇది మొదటి దారి, దీనికి మాంసం కావాలి.

రెండో దారికి మాంసంతో పనిలేదు. పేగులో పురుగున్న మనిషి మలంతో లక్షల గుడ్లు బయటికి పోతాయి. ఆ మనిషి చేతులు సరిగ్గా కడుక్కోకుండా వంట చేసినా, ఆ మలం కలిసిన నీళ్ళతో కూరగాయలు తడిసినా, గుడ్లు ఇంకొకరి నోట్లోకి వెళ్తాయి. మింగిన గుడ్డు పేగులో పొదిగి, లార్వా రక్తంలో ప్రయాణించి కండరాల్లో, కంట్లో, మెదడులో సంచి కట్టుకుంటుంది. మెదడులో సంచులుంటే ఏళ్ళ తరబడి ఏమీ తెలియకపోవచ్చు. ఆ సంచి చావడం మొదలైనప్పుడు చుట్టూ వాపు వచ్చి ఫిట్స్ వస్తాయి, తలనొప్పి వస్తుంది. ఈ పురుగు ఎక్కువగా ఉన్న చాలా ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో 30 శాతం దీనివల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కాబట్టి శాకాహారికీ ఇది వస్తుంది. నా పేషెంట్లలోనే ఉన్నారు. పెద్ద వయసులో మొదటిసారి ఫిట్స్ వస్తే మెదడు స్కాన్ తప్పనిసరి. అలాంటివాళ్ళు నులిపురుగుల మాత్రని తమంతట తాము వేసుకోవడం ప్రమాదం కూడా. మెదడులో సంచులు ఒక్కసారిగా చస్తే వాపు పెరిగి ఫిట్స్ ఎక్కువ కావచ్చు. ఆసుపత్రిలో వాపు తగ్గించే మందుతో కలిపి జాగ్రత్తగా ఇస్తారు.

పశుమాంసం నుంచి వచ్చే బద్దెపురుగు ఇంకా పొడవుంటుంది, చాలాసార్లు నాలుగు నుంచి పది మీటర్లు. కానీ అది మెదడులో సంచులు కట్టదు.

---

నీలిగోరింట | శుక్రవారం, రాత్రి 12:40

రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఎవరో ఒకరికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మా నాన్నగారికి 66. జీవితమంతా మట్టిలో పనిచేసిన మనిషి. ఏళ్ళుగా అప్పుడప్పుడూ కడుపులో మంట, పిరుదుల మీద, తొడల మీద ఎర్రటి గీతల్లాంటి దద్దురు వచ్చిపోయేది. పొద్దున ఒకచోట ఉన్న గీత సాయంత్రానికి జానెడు దూరం జరిగేది. ఎలర్జీ అన్నారు. రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు ఎప్పుడూ ఎక్కువే ఉండేవి, ఎలర్జీ వల్లేనన్నారు.

ఆయాసం ఎక్కువైతే ఒక ఆసుపత్రిలో స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. మొదటి వారం బాగానే ఉన్నారు. తర్వాత వాంతులు, కడుపు ఉబ్బరం, జ్వరం. ఆయాసం ఇంకా పెరిగింది, దాంతో స్టెరాయిడ్ డోసు పెంచారు. ఇరవై రోజులకి ఐసీయూలో చేర్చాం. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ కఫాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టించి చూస్తే నిండా లార్వాలు. స్ట్రాంజిలాయిడ్స్ అనే పురుగన్నారు. ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు మొదలుపెట్టారు, అప్పటికే రక్తంలో ఇన్‌ఫెక్షన్ పాకిపోయింది. నాలుగో రోజు తెల్లవారుజామున నాన్న పోయారు.

స్టెరాయిడ్‌కి ముందు ఒక్క పరీక్ష చేసి ఉంటే, ఒకటి రెండు రోజుల మాత్రలతో పోయే పురుగు అది. ఈ మాట నన్ను వదలడం లేదు.

---

మైక్రోస్కోప్ మనిషి | శుక్రవారం, ఉదయం 6:30

మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ టైప్ చేయలేకపోయాను. మీ నాన్నగారికి నా నమస్కారాలు.

ఈ పురుగు గురించి అందరికీ తెలియాలి. మిగతావాటి కంటే ఇది వేరు. ఏలికపాము ఏడాది, రెండేళ్ళు బతికి చస్తుంది, బయటినుంచి కొత్త గుడ్లు రాకపోతే అక్కడితో సరి. స్ట్రాంజిలాయిడ్స్ మాత్రం మనిషి లోపలే తన సంతానాన్ని మళ్ళీ మళ్ళీ పెంచుకుంటుంది. గుడ్లు పేగులోనే పొదిగి, కొన్ని లార్వాలు బయటికి పోకుండా పేగు గోడనో మలద్వారం దగ్గరి చర్మాన్నో తొలుచుకుని తిరిగి లోపలికి వస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియాలో బందీలుగా ఉన్న సైనికులకి, ఇళ్ళకి చేరిన 40 ఏళ్ళ తర్వాత కూడా ఇది ఉన్నట్టు తేలింది. ఆ 40 ఏళ్ళూ వాళ్ళు ఆ మట్టిని మళ్ళీ తొక్కలేదు.

ఒంట్లో రక్షణశక్తి బాగుంటే పురుగులు కొద్ది సంఖ్యలో అణిగి ఉంటాయి. స్టెరాయిడ్లు వేసినప్పుడు ఆ అదుపు తప్పి లార్వాలు వేలల్లో పెరిగి ఊపిరితిత్తులకి, మెదడుకి పాకుతాయి. పోతూ పోతూ పేగులోని బాక్టీరియాని రక్తంలోకి మోసుకుపోతాయి. ఆ దశలో ఇసినోఫిల్స్ మామూలుగా కనిపించవచ్చు కూడా, అది ఇంకా మోసం. జరిగే గీతలన్నారే, అది దీని ప్రత్యేకమైన గుర్తు. గంటకి కొన్ని సెంటీమీటర్లు కదులుతుంది.

మామూలు మలపరీక్షలో ఇది తరచూ తప్పిపోతుంది. గుడ్లు కాదు, లార్వాలు వస్తాయి, అవీ కొద్దిగానే. అందుకే యాంటీబాడీ రక్తపరీక్ష ఎక్కువ నమ్మకం. ఒక్క డోసు ఆల్బెండజోల్ దీనికి సరిపోదు. "నేను ఏటా పురుగుల మాత్ర వేసుకుంటున్నాను" అన్నంత మాత్రాన ఇది లేదని అనుకోకూడదు.

---

పిల్లల డాక్టర్ | శుక్రవారం, ఉదయం 9:00

నీలిగోరింట గారూ, ఈ రోజు నా కింద పనిచేసే జూనియర్లందరికీ మీ నాన్నగారి సంగతి చెప్పాను. పేరు లేకుండానే. ఎక్కువ రోజులు స్టెరాయిడ్లు, కీమోథెరపీ, అవయవ మార్పిడి అని డాక్టరు అన్నప్పుడు, ఎన్నేళ్ళ కిందటైనా సరే మట్టిలో ఉత్త కాళ్ళతో తిరిగినవాళ్ళు ఆ మాట తప్పకుండా చెప్పాలి. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

---

పెద్దమనిషి 61 | శుక్రవారం, మధ్యాహ్నం 12:15

అమ్మా నీలిగోరింటా, నాన్నగారి ఆత్మకి శాంతి కలగాలి. నాకు ఉబ్బసం ఉంది, ఏడాదిలో రెండు మూడుసార్లు స్టెరాయిడ్ మాత్రలు వాడతాను. చిన్నప్పుడు చెప్పులే ఎరగను. నా రిపోర్టులో ఇసినోఫిల్స్ 900 ఉన్నాయి. సోమవారం వెళ్ళి ఆ యాంటీబాడీ పరీక్ష చేయించుకుంటాను.

---

మైక్రోస్కోప్ మనిషి | శుక్రవారం, మధ్యాహ్నం 1:05

తప్పకుండా వెళ్ళండి బాబాయ్ గారూ. మైక్రోలీటరుకి 500 దాటితే ఎక్కువగా లెక్కిస్తాం. ఉబ్బసంలో కూడా పెరుగుతాయి, కంగారు పడకండి. అలాగని ఉబ్బసమే కారణమని తీర్మానించి వదిలేయకండి కూడా.

పనిలో పని, ఏలికపాముల దగ్గర ఒక చిక్కుంది. గుడ్డు మింగిన పది, పద్నాలుగు రోజులకి లార్వాలు ఊపిరితిత్తుల్లో ఉంటాయి. అప్పుడు పొడిదగ్గు, పిల్లికూతలు, ఇసినోఫిల్స్ బాగా ఎక్కువ. కానీ మలపరీక్ష చేస్తే ఏమీ ఉండదు, ఎందుకంటే పురుగు ఇంకా పెరిగి గుడ్లు పెట్టలేదు. దానికి రెండు మూడు నెలలు పడుతుంది. అంటే దగ్గు ఉన్నప్పుడు పరీక్షలో దొరకదు, పరీక్షలో దొరికేసరికి దగ్గు ఉండదు. పిన్‌వార్మ్ మాత్రం పేగు దాటి పోదు కాబట్టి ఇసినోఫిల్స్‌ని సాధారణంగా పెంచదు.

---

నడక ప్రియుడు | శుక్రవారం, సాయంత్రం 7:20

బోదకాలు కూడా పురుగేనా? కొరడా పురుగు అని పైన అన్నారు, అదేం చేస్తుంది?

---

మైక్రోస్కోప్ మనిషి | శుక్రవారం, రాత్రి 9:00

అవును, బోదకాలు కూడా పురుగు వల్లే. దోమ ద్వారా వచ్చి, శోషరస నాళాల్లో ఉంటుంది. పిల్ల పురుగులు చాలా ప్రాంతాల్లో రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి కాబట్టి రక్తం రాత్రి తీయాలి. పేగు పురుగుల కథ వేరు, దీని కథ వేరు.

కొరడా పురుగు నాలుగు సెంటీమీటర్లుంటుంది. సన్నటి ముందుభాగాన్ని పెద్దపేగు గోడలోకి గుచ్చుకుని ఉంటుంది. కొద్దిగా ఉంటే ఏమీ తెలియదు. ఎక్కువుంటే పిల్లల్లో జిగట, రక్తంతో విరేచనాలు, ముక్కడం, ఒక్కోసారి మలద్వారం బయటికి జారడం, ఎదుగుదల తగ్గడం. దీనికి ఒక్క రోజు మాత్ర చాలాసార్లు చాలదు, మూడు రోజులిస్తారు. మట్టి ద్వారా వచ్చే ఈ పురుగులన్నీ కలిపి ప్రపంచంలో సుమారు 150 కోట్ల మందిలో ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఒక్క సంతోషకరమైన మాట కూడా చెప్పాలనిపిస్తోంది. తాగే నీళ్ళ ద్వారా ఒంట్లోకి చేరి, పుండు చేసి బయటికి వచ్చే నారికురుపు పురుగు (గినీ వార్మ్) 1986లో ఏడాదికి 35 లక్షల మందికి వచ్చేదని అంచనా. 2023లో ప్రపంచం మొత్తం మీద 14 మందికే వచ్చింది. దానికి టీకా లేదు, మందు లేదు. నీళ్ళు వడపోసుకుని తాగడం, పుండు ఉన్నవాళ్ళని చెరువులో దిగనివ్వకపోవడం, ఇంటింటికీ తిరిగి చెప్పడం, వీటితోనే అంతా జరిగింది.

---

పాపాయి అమ్మ | మూడు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 7:30

అందరికీ ఆలస్యంగా చెప్తున్నందుకు క్షమించండి. డాక్టరుకి చూపించి నలుగురం ఒకే రోజు మందు వేసుకున్నాం. మావారు మొదట నాకేమీ లేదు, నాకెందుకన్నారు. టేపు పరీక్ష చేయిస్తే ఆయనకే గుడ్లు కనిపించాయి! పాపకి మొదటి డోసు తర్వాత మూడో రాత్రి నుంచి నిద్ర కుదిరింది. రెండు వారాలకి సరిగ్గా రెండో డోసు అయిపోయింది. ఒకటికి పోతే మంట ఉందని డాక్టరమ్మ చెప్పాక అడిగితే పాప అవునంది. అప్పటిదాకా చెప్పలేదు. ఇప్పుడు అదీ లేదు.

ఒక్క సందేహం. నిన్న పగలు కొంచెం గోక్కుంది. రాత్రి చూస్తే పురుగేమీ లేదు. మళ్ళీ మొదలైందా? రేపటినుంచి బడికి పంపొచ్చా?

---

పిల్లల డాక్టర్ | ఆదివారం, ఉదయం 10:10

చాలా సంతోషం. పగటి గోకుడు ఎక్కువగా పాత గీరుళ్ళు మానుతున్నప్పటిది. రాత్రి దురద తిరిగి వస్తే వరసగా మూడు ఉదయాలు టేపు పరీక్ష చేయించండి, అందులో తేలితేనే మళ్ళీ మందు. చర్మం పొడిగా ఉంటే మామూలు వాజిలిన్ రాయండి.

బడికి పంపండి. అసలు మొదటి డోసు వేసిన మర్నాడే పంపి ఉండాల్సింది. గోళ్ళు కత్తిరించి, పొద్దున స్నానం చేయించి పంపండి, అంతే. పాపని ఎవరితోనూ ఆడుకోవద్దని మాత్రం అనకండి.

---

పెద్దమనిషి 61 | ఆదివారం, ఉదయం 11:25

నా రిపోర్టు నిన్న వచ్చింది. స్ట్రాంజిలాయిడ్స్ పాజిటివ్. ఐవర్‌మెక్టిన్ ఇచ్చారు, మళ్ళీ ఎప్పుడు పరీక్ష చేయించుకోవాలో కూడా చెప్పారు. ఉబ్బసం డాక్టరు గారు నా ఫైలు మీద ఎర్ర సిరాతో ఆ మాట రాశారు. నీలిగోరింట తల్లీ, ఇది నీకు చెప్పాలని పొద్దున్నే లాగిన్ అయ్యాను.